ఒంటికాలి చిరుత

అయినా, నాలుగు కాళ్ల జంతువును ఒక్క కాలి మీద నడిపించాలంటే ఎంత తెలివితక్కువతనం కావాలి, ఎంత పొగరు కావాలి, రెంటిలో ఏది ఎక్కువ పాళ్లలో కావాలి అని ఆలోచిస్తూ అతను ఇసుక పట్టీ ముందు గొంతుక్కూర్చున్నాడు. పొగరే ఎక్కువ కావాలనుకున్నాడు. తెలివితక్కువవాడికి కాస్త భయమైనా ఉంటుంది. ఎడమ అడుగు కూడా ఒకటి వేద్దాం, ఎవడైనా చూస్తాడేమో అనుకుంటాడు. ఇది అలాంటివాడి పని కాదు. చూసేవాళ్లంతా గడ్డి తింటారని గట్టిగా నమ్మినవాడి పని.

పదకొండు అడుగులు. పదకొండూ కుడి ముందుకాలివే. చిరుత అడుగులో నాలుగు వేళ్లు పడతాయి. లోపలి వైపు నుంచి రెండో వేలు, మన చేతి నడిమివేలులాగా, మిగతా వాటికన్నా కాస్త ముందుకు వస్తుంది. కుడో ఎడమో దాన్ని బట్టే తెలుస్తుంది. ఆ మాత్రం కూడా తెలియని వెధవ ఎవడో ఒకే అచ్చును పదకొండు సార్లు, తపాలా ముద్ర కొట్టినట్టు, ఇసుకలో ఒత్తుకుంటూ పోయాడు. పైగా ఆ అచ్చు తన చేతిదే. అరికాలి దిండులో ఎడం పక్కన చిన్న నొక్కు. మూడేళ్ల కిందట తూర్పు కొండ మీద వాగు బురదలో ప్లాస్టర్ పోసి తీసిన ఆడ చిరుత అడుగు. అది క్వారీ మేనేజర్ గదిలో అద్దాల బీరువాలో ఉండాలి.

మోసం చేశారని కాదు అతని కోపం. ఇంత అసహ్యంగా చేశారని.

అడుగులు చదవడం అతని పని. జంతువులు నడిచే చోట మూరెడు వెడల్పున సన్నని ఇసుక జల్లించి పోసి, చెక్కతో సాపు చేసి వదిలితే, తెల్లారేసరికి ఎవరు వచ్చారో, ఎటు పోయారో, కడుపుతో ఉన్నారో కుంటుతున్నారో అన్నీ ఆ ఇసుక చెబుతుంది. అందుకే అతన్ని అందరూ అడుగులాయన అంటారు. కిట్టనివాళ్లు అడుగుల దొర అంటారు. కిట్టేవాళ్లు పెద్దగా లేరు.

తూర్పు కొండకూ పడమటి కొండకూ మధ్య జంతువులు రాకపోకలు సాగించే దారి ఎక్కడుందో తేల్చి, దాన్ని ఖాళీగా వదలాలని ప్రభుత్వం ఉత్తర్వు. దారి ఎక్కడుందో తేల్చడానికేముంది? క్వారీకి పైన, రెండు కొండలు భుజాలు ఆనించుకున్నట్టుండే కనుమ. దుప్పులు, ఎలుగులు, రేసుకుక్కలు, కొండమేకలు తాతలనాటి నుంచీ దాటేది అక్కడే. ఆ కనుమలోనే కంట్రాక్టరు రెండో గుంట తవ్వడానికి గుర్తులు పెట్టించాడు. అక్కడికి బాట కోసం పేలుళ్లు మొదలైన రెండేళ్లలో దుప్పులు దాటడం మానేశాయి. అటున్నవి అటే, ఇటున్నవి ఇటే. పడమటి కొండ మీద మిగిలిన నాలుగు చిరుతలూ తమలో తామే ఈనుతున్నాయి. పోయినేడు పుట్టిన రెండు కూనల తోకలు కొస దగ్గర వంకర. ఆ వంకర ఏమిటో అతనికి తెలుసు. కొత్త రక్తం రావడం ఆగిపోయిన కొండ అలాంటి తోకలనే కంటుంది.

కాబట్టి కంట్రాక్టరుకు దారి వేరే చోట కావాలి. కొండ దిగువన క్వారీ కూలీల లైన్లున్నాయి. రెండు వరసల్లో అరవై రెండు ఇళ్లు. చిరుత అక్కడి నుంచే పోతోందని కాగితం మీద తేలితే, ఇళ్లు లేచిపోతాయి, కనుమ మిగిలిపోతుంది. జంతువుల మీద ఇంత ప్రేమ ఆ కంట్రాక్టరుకు ఇదివరకెన్నడూ పుట్టలేదు.

అతను రిజిస్టరు తెరిచి రాశాడు. చిరుత. ఒకటి. తూర్పు నుంచి పడమరకు. కింద సంతకం చేశాడు. ఈ వారంలో ఇది నాలుగోసారి.

రిపోర్టు పైకి వెళ్లాక పర్మనెంటు చేస్తానన్నాడు మేనేజర్. ఆఫీసు మేడ మీద కిటికీ ఉన్న గది ఇస్తానన్నాడు. కిటికీ తెరిస్తే కొండలు తప్ప మనిషి మొహం కనబడని గది. ఆ గది కావాలనుకోవడం తప్పని అతనికి ఎప్పుడూ అనిపించలేదు. తనకది కావాలని మేనేజర్ లాంటివాడు కనిపెట్టేశాడే, అదే ఒళ్లంతా పాకుతున్నట్టుండేది.

"ఏయ్ ముసలీ! కాలు తియ్యి! బోర్డు కనబడట్లా?"

కాపలావాడి విజిల్‌తో పాటే ఆ మాట. పట్టీ వేసింది ఇళ్లకూ కుళాయికీ మధ్యన. లైన్లన్నిటికీ ఒకటే కుళాయి. అడుగులాయన ఏడున్నరకు వచ్చి చదవడం పూర్తి చేస్తే గాని ఎవరూ దాటకూడదు. ఎనిమిదింటికి క్వారీ సైరన్. ఆ అరగంటలోనే అరవై రెండు ఇళ్ల బిందెలూ నిండాలి. పట్టీకి ఇటు పక్క బిందెలతో వరసగా ఆడవాళ్లు నిలబడ్డారు.

"బోర్డు కనబడుతూనే ఉంది నాయనా, చదువే రాదు," అంది ముసలామె. "కుళాయి కనబడుతోంది. నోరెండిపోతోంది."

"పరిశీలన పట్టీ. అడుగులు చదివే వరకు మనుషులు గాని వాహనాలు గాని దాటరాదు. దాటినవారిపై చర్య తీసుకోబడును," అని కాపలావాడు బోర్డంతా గట్టిగా చదివి వినిపించాడు. చదువొచ్చినందుకు వాడి మొహం వెలిగిపోతోంది.

"తీసుకోబడునట! ఎవరు తీసుకుంటార్రా, నువ్వా, చిరుతా?" అంటూ వరస చీల్చుకుని ముందుకొచ్చింది అక్క.

అడుగులాయన తలెత్తలేదు. సొంత అక్క. తల్లి పోయాక తనను ఎత్తుకు తిప్పిన మనిషి. ఇరవై ఏళ్లుగా సుత్తి పట్టి రాయి కొడుతోంది. ఆమె గొంతు వింటే అతనికి రెండు సంగతులు ఒకేసారి గుర్తొస్తాయి, తనకు ఆకలైన రోజులు, ఆ రోజులు ఎవరికీ తెలియకూడదన్న పట్టుదల.

"ఏంరా, ఇంకా ఎంతసేపు చదువుతావు? పరీక్షకా?"

"అయిపోయింది," అన్నాడు.

"ఏం తేలింది?"

"చిరుత."

చెప్పులు కుట్టే తాత ఖాళీ బకెట్టు కింద పెట్టి, పట్టీ మీదికి వంగాడు. క్వారీలో వాడి పారేసిన బూట్లకు నలభై ఏళ్లుగా అతుకులు వేస్తున్నవాడు. ఎవరితో మాట్లాడినా ముందు కాళ్ల వంకే చూస్తాడు.

"ఇదేం చిరుతరా?" అన్నాడు నెమ్మదిగా. "కుంటిదా?"

"ఏం తాతా?" అని అడిగింది వరసలో ఒకామె.

"అన్నీ కుడివేనే! ఇదిగో ఇదీ కుడి, ఇదీ కుడి. ఎడమ కాలు ఇంట్లో పెట్టి వచ్చిందా?" తాత నడుం నిలబెట్టి అడుగులాయన వైపు చూశాడు. "పోనీ ఎడమ చెప్పు నా దగ్గర రిపేరుకిచ్చి మర్చిపోయిందేమో."

మొదట ఒకామె కిసుక్కుమంది. తర్వాత వరసంతా నవ్వు. బిందెలు నడుముల మీద ఊగాయి. ఎవరో ఒంటికాలి మీద గెంతుతూ "గుర్ గుర్" అంటే, ఇంకెవరో "పాపం, దానికి కర్ర ఇవ్వండే" అన్నారు. ఆ నవ్వు కాపలావాడికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. వాడికి చేతికందింది ముందున్న ముసలామె. ఒక్క తోపు తోశాడు. బిందె మోగుతూ దొర్లిపోయింది. ఆమె పట్టీ మీదే చెయ్యి కింద పెట్టి పడింది. మణికట్టు చూస్తుండగానే ఉబ్బిపోయింది.

"సాక్ష్యం చెరిపారు! అందరి పేర్లూ రాస్తా!" అని అరిచాడు కాపలావాడు.

నవ్వు ఆగిపోయింది. అడుగులాయన రిజిస్టరు మూసి, చంకలో పెట్టుకుని, ఆఫీసు వైపు నడిచాడు. ఎందుకు పడాలి ఆమె, ఎందుకు నవ్వాలి వీళ్లు, నోరు మూసుకుని ఉంటే ఏం పోయింది అని తిట్టుకుంటూ నడిచాడు. వెనక నుంచి ఎవరూ పిలవలేదు. పిలుస్తారేమోనని అతని వీపు కాచుకునే ఉంది.

*

సాయంత్రం పని దిగాక కూలీల సంఘం షెడ్డులో మీటింగు పెట్టారు. రేకుల కప్పు, రాతిపొడి పట్టిన బల్లలు, ఎవరూ విప్పని ఒక పాత బ్యానరు. అతను వెళ్లకూడదనుకున్నాడు. వెళ్లకపోతే భయపడ్డాడంటారని వెళ్లి, గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వాళ్ల చెమట వాసన, అందరూ ఒకేసారి మాట్లాడడం, ఒకరి మాట ఒకరు వినకపోవడం, అన్నీ చూసి, ఇలాంటివాళ్లా పోరాడేది అనుకున్నాడు. తర్వాత, ఇలా అనుకోవడానికే తను వచ్చానా అని కూడా అనుకున్నాడు.

"నా మాట వినండి," అన్నాడు లారీ డ్రైవరు. నోటి చివర పుల్ల నములుతున్నాడు. "దారి కనుమలో ఉందని మనం అంటాం. సరే. రేపు కనుమ మూసేస్తారు. క్వారీ మూతపడుతుంది. అప్పుడు మనం తినేదేంటి, చిరుత పాలా? ఇల్లు పోతే ఇంకో ఇల్లు. పని పోతే?"

కొందరు తలలూపారు.

"క్వారీ మూతపడదు, రెండో గుంట ఆగుతుంది," అంది అక్క. "రెండో గుంటలో నీకెవడిస్తాడు పని? ఆ యంత్రాలు చూశావా? ఒక్కడు కూర్చుని మీటలు నొక్కుతాడు. మన పాత గుంటలో మన మనవలకు సరిపడా రాయుంది. కంట్రాక్టరుకు రాయి కాదు కావాల్సింది. మనం లేని రాయి కావాలి."

"మరి ఆ ఎలుగు?" అని ఒకామె అరిచింది. "పోయినేడు మా ఆయన తొడ చీల్చింది మర్చిపోయావా? వాటి తరఫున మనం మాట్లాడాలా?"

"మర్చిపోలేదే అమ్మాయ్. అది లైన్లలోకి ఎందుకొచ్చింది? పైన పేలుడు. పాపం అది తన దారిన తాను పోబోతే రాళ్లు మీద పడ్డాయి. కిందికి దిగితే మనం కర్రలు పట్టుకున్నాం. దాని దారీ వాడే లాక్కున్నాడు, మన ఇళ్లూ వాడే లాక్కుంటున్నాడు. లాక్కుని, నీ ఇల్లు దానికి ఇస్తున్నానంటున్నాడు. అదీ మనమూ కొట్టుకు చస్తే వాడు పైనుంచి చూస్తాడు."

డ్రైవరు నోట్లో పుల్ల ఆగింది.

అప్పుడు ఆఫీసు గదులు ఊడ్చే ఆమె లేచింది. మీటింగుల్లో ఎన్నడూ నోరెత్తని మనిషి. "నాకు పెద్ద పెద్ద మాటలు రావు," అంది. "మేనేజరు గారి బీరువాలో తెల్లటి కాలొకటుంటుంది. సున్నంతో చేసినట్టు. రోజూ తుడుస్తా. ఈ వారం నాలుగు సార్లు దాని కింద నుంచి ఇసుక రాలింది. బీరువాలోకి ఇసుకెలా వచ్చిందబ్బా అనుకున్నా."

చెప్పులు కుట్టే తాత వేళ్లతో నాలుగు లెక్కపెట్టి, "నాలుగు పొద్దులు, నాలుగు సార్లు," అన్నాడు.

అందరి తలలూ గుమ్మం వైపు తిరిగాయి.

"ఆ కాలు ఎవరు చేశారు?" అని అడిగింది అక్క. అడగనవసరం లేదు. మూడేళ్ల కిందట దాన్ని గుడ్డలో చుట్టుకొచ్చి మొదట చూపించింది ఆమెకే.

"నాకేం తెలుసు?" అన్నాడు అతను. "నా పని ఉన్నది రాయడం."

"ఉన్నది రాయడమా!" డ్రైవరు నవ్వాడు. ఇందాక అక్కతో వాదించినవాడే. "అడుగుల దొరా, నువ్వు గోడ మీద పిల్లివి కూడా కాదు. పిల్లికి నాలుగు కాళ్లుంటాయి."

జనం నవ్వారు. అక్క నవ్వలేదు. "వదిలెయ్యండి వాడిని," అంది. "వాడికి మనమంటే అసహ్యం. అసహ్యం పడే తీరిక ఉన్నవాడితో మనకేం పని?"

అతను గది చేరేదాకా ఆ మాటకు జవాబు వెతికాడు. మంచి మంచి జవాబులే దొరికాయి. అన్నీ ఇంకెవరో మాట్లాడుతున్నట్టున్నాయి.

*

మర్నాడు ఆఫీసు హాల్లో జంతువుల దారి గురించి విచారణ. పట్నం నుంచి నిపుణుడు వచ్చాడు. జేబులు ఎక్కువున్న చొక్కా, మెడలో దూరదర్శిని. హాల్లో దూరంగా చూడాల్సింది ఏముందో ఎవరికీ అర్థం కాలేదు. పక్కన మేనేజర్, ఆ పక్కన ఇన్‌స్పెక్టరు. కూలీలకు కుర్చీలు వేయలేదు. గోడల వెంట, కిటికీల్లో, మెట్ల మీద నిండిపోయారు.

నిపుణుడు కొండలూ దారులూ జీవజాలమూ అని చాలాసేపు మాట్లాడాడు. ఒక కొండ మీది జంతువు ఇంకో కొండకు పోలేకపోతే రెండు కొండలూ చచ్చిపోతాయన్నాడు. ప్రతి మాటా నిజమే. అడుగులాయన వింటూ, ఇన్ని నిజాలను ఒక్క అబద్ధం చేతికి ఇచ్చి ఎంత నిశ్చింతగా కూర్చున్నాడు ఈ మనిషి అనుకున్నాడు. తనకన్నా వీడు నయం, వీడికి తెలియదు. కాదు, తెలుసుకోకపోవడమే వీడి ఉద్యోగం.

"అయ్యా, ఒక్క మాట," అంది అక్క. "ఆ చిరుతకు ఎడమ కాలుందా?"

నిపుణుడు చిరునవ్వు నవ్వాడు. "చూడమ్మా, ఇది శాస్త్రం. మీకు అర్థమయ్యే విషయం కాదు."

"కాదు బాబూ," అన్నాడు తాత. "శాస్త్రం మీది. కాళ్లు మావి. కుడికీ ఎడమకీ తేడా నాకు తెలుసు."

మేనేజర్ అడుగులాయన వైపు తిరిగాడు. "మన ట్రాకర్ ఉన్నాడుగా. పన్నెండేళ్ల అనుభవం. ఏమయ్యా, అవి చిరుత అడుగులేనా?"

హాలంతా అతని నోటి కోసం ఆగింది. ఎన్నో ఏళ్లుగా ఒక్కడూ అతని నోటి వంక ఇలా చూడలేదు.

"చిరుత అడుగులే," అన్నాడు.

అది నిజమే. ప్లాస్టర్ పోసింది చిరుత అడుగులోనే. ఇంత చక్కటి నిజం చెప్పగలిగినందుకు ఒక్క క్షణం అతనికి లోపల గర్వంలాంటిదేదో కదిలింది. వెంటనే అది చచ్చిన ఎలుకలా కంపు కొట్టింది.

అక్క అతని వైపు చూడనైనా చూడలేదు. పక్క గదిలోకి నడిచింది. ఊడ్చే ఆమె అప్పటికే తలుపు తీసి పట్టుకుంది. అక్క బీరువాలోంచి ఆ తెల్లటి పాదాన్ని తెచ్చి నిపుణుడి ముందు బల్ల మీద పెట్టింది. గీతల్లో ఇసుక రేణువులు మెరుస్తున్నాయి.

"ఇదిగో మీ చిరుత," అంది. "బీరువాలో కాపురముంటుంది. పాపం పిల్లలు లేరు."

హాలు గుప్పున నవ్వింది. నిపుణుడు దూరదర్శినిని సర్దుకున్నాడు. ఆ పాదాన్ని చేత్తో తాకలేదు, తాకితే చూసినట్టవుతుంది. "ఇది నా పరిధిలోకి రాదు," అన్నాడు.

"దొంగతనం!" అని లేచాడు మేనేజర్. "నా గదిలోకి చొరబడి కంపెనీ ఆస్తి ఎత్తుకొచ్చింది. ఇన్‌స్పెక్టరు గారూ!"

కళ్లెదుట దొంగ లెక్క దొరికితే ఎవరినీ పట్టుకోని పోలీసులు, సున్నపు కాలును పది అడుగులు మోసినందుకు అక్కను పట్టుకున్నారు. ఇద్దరు పోలీసులు చెరో చెయ్యి పట్టుకుంటే ఆమె, "మెల్లగా నాయనా, ఈ చేతులు రేపు పని చెయ్యాలి," అంది. జీపు ఎక్కుతూ జనం వైపు తిరిగింది. "ఏడవకండి. వాళ్ల బోర్డు మీద ఏం రాసుందో ఎవరన్నా ఒకసారి సరిగ్గా చదవండి."

జీపు వెళ్లిపోయింది.

*

బోర్డును సరిగ్గా చదివింది డ్రైవరు. లైన్లలోకి పోయి, దాని ముందు నిలబడి, పుల్ల ఉమ్మేసి, "మనుషులు గాని, వాహనాలు గాని," అన్నాడు. మళ్లీ అన్నాడు. "వాహనాలు గాని!"

గంట తిరగకుండా అరవై రెండు ఇళ్ల జనం క్వారీ గేటు ముందున్నారు. తట్టలతో, బిందెలతో, చీర కొంగులతో ఇసుక మోశారు. గేటుకు అడ్డంగా, కనుమకు పోయే బాట మీద, ఈ చివర నుంచి ఆ చివరకు పోశారు. ముసలామె కట్టు కట్టిన చేత్తోనే ఒక గిన్నెడు తెచ్చి పోసింది. బోర్డు పీకి తెచ్చి పక్కనే పాతారు. లోపల రాయి నింపుకున్న లారీలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. మొదటి లారీ అతను హారన్ కొట్టి, బోర్డు చూసి, ఇంజన్ ఆపేసి కిందికి దిగాడు.

"తొక్కించరా!" అని అరిచాడు మేనేజర్.

"చదివే వరకు దాటరాదట సార్. చర్య తీసుకోబడునట," అన్నాడు ఆ లారీ అతను, ఎంతో వినయంగా.

"మా పేర్లు రాశారుగా, పట్టీ చెరిపామని," అంది ముసలామె. "మీరూ చెరపండి. సాక్ష్యానికి మేమంతా ఉన్నాం."

విచారణ ముగించుకుని కొండ చూడ్డానికి బయల్దేరిన నిపుణుడు కారు దిగకుండా అద్దం పైకెత్తుకున్నాడు. మేనేజర్ చుట్టూ చూశాడు. దూరంగా గేటు స్తంభం పక్కన నిలబడ్డ అడుగులాయన కనబడ్డాడు. ప్రాణం లేచొచ్చినట్టు పరుగున వెళ్లి అతని భుజం పట్టుకుని తీసుకొచ్చాడు.

"నువ్వు చెప్పవయ్యా! ఇది పట్టీయేనా? ఇసుక కుప్ప. అవునా కాదా? అవి చిరుత అడుగులేనని ఇందాక చెప్పావే, అలాగే చెప్పు. ఇది పట్టీ కాదని ఒక్క ముక్క రాసియ్యి, లారీలు పోతాయి."

రిజిస్టరు చేతిలో పెట్టి పెన్ను మూత తీసి ఇచ్చాడు.

అతను పట్టీ వైపు చూశాడు. కాదు. ఏ లెక్కన చూసినా ఇది పట్టీ కాదు. జల్లించలేదు. ఒక చోట బెత్తెడు ఎత్తు, ఒక చోట నేల కనబడుతోంది. గడ్డలు, గులకరాళ్లు, ఎవరిదో పగిలిన గాజు ముక్క. ఎలుగుబంటి పొర్లాడిపోయినా దీని మీద అడుగు నిలవదు. ఇంత చేతకాని పని తన జన్మలో చూడలేదు. వారమంతా అబద్ధాలు రాశాడు. ఇప్పుడు నిజం నాలుక చివర సిద్ధంగా ఉంది, రాస్తే చాలు. ఆ నిజం కూడా మేనేజరు పక్షానే ఉంది. జీవితమంతా ఉన్నది ఉన్నట్టు చూశానని విర్రవీగిన మనిషికి ఇంతకన్నా తగిన శాస్తి ఏముంటుంది అనుకున్నాడు.

ఎవరూ అతన్ని బతిమాలలేదు. డ్రైవరు వేరే వైపు చూస్తున్నాడు. తాత అతని కాళ్ల వంక చూస్తున్నాడు. వీళ్లకు తన మీద ఆశ లేదు. ఆశ లేదన్న సంగతి అతనికి ఎందుకో హాయిగా అనిపించింది. ఇక ఎవరికీ ఏమీ చూపించుకోనక్కర్లేదు. ఎదురుగా ఉన్నదల్లా చెడగొట్టిన పని ఒకటి.

"రాయవయ్యా, చూస్తావేం?"

పెన్ను మూత పెట్టి, రిజిస్టరుతో పాటు మేనేజరు చేతికి ఇచ్చేశాడు. పట్టీ ముందు గొంతుక్కూర్చున్నాడు. చెయ్యి చాపి, ఇసుకలోంచి ఒక గులకరాయి ఏరి పక్కన పడేశాడు.